పది లక్షల తొమ్మిది

మాస్టారితో వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆయన ఈ ప్రపంచంలో ఎవరినీ నమ్మరు, పెళ్ళాన్ని తప్ప. వీధిలో మిగతా ఆడవాళ్ళ ఫిర్యాదు సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది కాబట్టి ఆమె ఈ గోడు ఎవరి దగ్గరా వెళ్ళబోసుకోలేదు. వెళ్ళబోసుకుంటే "అదృష్టవంతురాలివి" అని ఒక మాట అనేసి, పొయ్యి మీద ఏదో మాడుతోందని వెళ్ళిపోతారు. ఆయన గోడ గడియారాన్ని నమ్మరు, చేతి గడియారంతో సరిచూస్తారు. చేతి గడియారాన్నీ నమ్మరు, పక్కింటాయన్ని అడుగుతారు. వాన రాదని వార్తల్లో చెబితే కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టి చూస్తారు. డాక్టరు రాసిచ్చిన చీటీ ఇంకో డాక్టరు చూసి బాగుందనాలి. కానీ ఆమె "మొత్తం డెబ్బై మూడు" అంటే డెబ్బై మూడే. మళ్ళీ కూడరు. నమ్మకం మంచి గుణమే, కాదనలేం. కాకపోతే దాన్ని మోసేవాళ్ళకు భుజాలు లాగుతాయి.

మంగళవారం సాయంత్రం ఎనిమిదో తరగతి పేపర్ల కట్ట విప్పారు. నలభై రెండు. బల్లకు ఈ చివర ఆయన, ఆ చివర ఆమె. ఆయన ఒక్కో పేపరూ దిద్ది తోస్తే అది జారుకుంటూ వచ్చి ఆమె మోచేతికి తగిలేది. ఆమె మార్కులు కూడి, మొదటి పేజీ మీద వేసి, చుట్టూ సున్నా చుట్టి పక్కన పెట్టేది. పదిహేనేళ్ళుగా సాగుతున్న ఈ తోపులాటలో ఒక్క పేపరూ కింద పడలేదు.

కూడికలే కాదు, జవాబుల కీ తయారుచేసేదీ ఆమే. డిగ్రీలో చదివిన లెక్కలు అలా ఒక ఒడ్డుకు చేరాయి. ప్రశ్నలు ఆయనవి, జవాబులు ఆమెవి. కాపురమంతా ఇదే పద్ధతి కాబట్టి ఇద్దరికీ వింతగా అనిపించలేదు. స్కూల్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఈసారి చివరి ప్రశ్న ఇది: 1000009 ప్రధాన సంఖ్య అవునా, కాదా? కారణం చూపండి. ఐదు మార్కులు. ఒకటీ, తనూ తప్ప ఇంకే సంఖ్యా శేషం లేకుండా భాగించలేనిదే ప్రధాన సంఖ్య. పిల్లలు మొత్తం తేల్చనక్కరలేదు. వెయ్యి లోపున్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరిపోతుందని చెప్పి, నాలుగైదు భాగహారాలు చేసి చూపిస్తే చాలు. తేల్చే పని ఆమెది. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది. నెల క్రితం ఒక పొడుగు నోట్‌బుక్కు తీసి, పాలు కాగేలోపు రెండు, బట్టలు నానేలోపు నాలుగు చొప్పున, పదకొండు రోజుల్లో నూట అరవై ఎనిమిదీ చేసింది. ఏదీ పోలేదు. ప్రతిసారీ ఎంతో కొంత శేషం మిగిలింది. కింద రెండు గీతలు గీసి "ప్రధాన సంఖ్యే" అని రాసినప్పుడు కలిగిన సంతోషం పైకి చెబితే నవ్వుతారు. ఇంట్లో ఏ పని చేసినా సాయంత్రానికి మళ్ళీ మొదటికొస్తుంది: గిన్నెలు, నేల, బట్టలు. ఇది అలా కాదు. ఒకసారి చేస్తే చేసినట్టే.

ముప్ఫయ్యో పేపరు మోచేతికి తగిలింది. మార్కులు కూడింది. యాభై ఏడు. పేజీ తిప్పబోతూ ఆగింది. చివరి ప్రశ్నకు ఆ పిల్ల మూడే లైన్లు రాసింది.

1000009 = 1000² + 3²
1000009 = 972² + 235²
రెండు రకాలుగా వచ్చింది కాబట్టి ప్రధాన సంఖ్య కాదు.

పక్కన ఎర్రసిరాతో సున్నా. సున్నా కింద ఆయన దస్తూరీ: "ఎక్కడ చూసి రాశావు?"

"ఈ పిల్లకి సున్నా ఎందుకండీ?"

"ఏ పిల్ల?"

"టైలరమ్మ కూతురు."

"భాగహారం ఒక్కటి చెయ్యలేదు. ప్రధాన సంఖ్య కాదంటే ఏది భాగిస్తుందో చూపించాలా వద్దా? ఎక్కడో చూసి దింపేసింది."

"ఎవరిది చూస్తుందండీ? మిగతా వాళ్ళంతా అవునని రాస్తే, వాళ్ళవి చూసి ఇది కాదని రాసిందా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జవాబు తోచనప్పుడల్లా ఆ అద్దాలకు శుభ్రత వస్తుంది.

"నువ్వు వెయ్యి దాకా భాగించావు కదా?"

"భాగించాను."

"ఏదైనా పోయిందా?"

"పోలేదు."

"మరింకేం?"

ఇంకేమీ లేనట్టే. కానీ అరవై వస్తే తప్ప వచ్చే ఏడాది లెక్కల సెక్షన్లోకి తీసుకోరు. తక్కువ వచ్చిన వాళ్ళు చేతిపనుల సెక్షన్. పేర్ల పట్టీ శుక్రవారం నోటీసు బోర్డు మీద పెడతారు. ఆ ఐదూ కలిస్తే ఈ పిల్ల అరవై రెండు.

ఆయన ముప్ఫై ఒకటో పేపరు తోశారు. ఆమె దాన్ని పట్టుకోకుండా పాత న్యూస్‌పేపరు అంచు మీద తొమ్మిది వందల డెబ్బై రెండును దానితోనే గుణించింది. రెండు వందల ముప్ఫై ఐదునూ గుణించింది. రెండూ కలిపింది. పది లక్షల తొమ్మిది.

ముప్ఫై ఒకటో పేపరు బల్ల అంచు దాటి కింద పడింది.

*

బుధవారం మధ్యాహ్నం టైలరమ్మ కూతురు కుట్టిన దిండు గలీబులు పట్టుకొచ్చింది. పదమూడేళ్ళుంటాయి. గలీబులు ఇచ్చేసింది, ఇక వెళ్ళాలి. వెళ్ళలేదు. గుమ్మానికి ఆనుకుని చెప్పులో కాలు పెడుతూ, తీస్తూ నిలబడింది.

"సార్ లేరా ఆంటీ?"

"మీటింగట. ఏం కావాలమ్మా?"

"ఏం లేదు." చెప్పు సరిచేసుకుని, "ఇవాళ పేపర్లు ఇచ్చారు. నేనెక్కడా చూసి రాయలేదు ఆంటీ" అంది.

"మరి ఆ తొమ్మిది వందల డెబ్బై రెండు ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"దిగితే వచ్చింది."

"ఎక్కణ్ణుంచి?"

"వెయ్యి నుంచి."

పిల్ల సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. బట్ట కత్తిరించేముందు కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం. మధ్యలో ఎవరిదో చొక్కా చెయ్యి గీసి ఉంది. దాని చుట్టూ ఖాళీ వదలకుండా తీసివేతలు.

"పరీక్షలో చిత్తు కాగితం తీసేసుకున్నారు. అందుకే మళ్ళీ చేశాను. చూడండి, పది లక్షల తొమ్మిదిలోంచి తొమ్మిది వందల తొంభై తొమ్మిది వర్గం తీసేస్తే రెండు వేల ఎనిమిది. చివర ఎనిమిది ఉంటే వర్గం అవదు కదా, కొట్టేశాను. తర్వాత తొంభై ఎనిమిది. నాలుగు వేల ఐదు. అదీ కాదు. తొంభై ఐదు దగ్గరైతే తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై నాలుగు వచ్చింది ఆంటీ! ఇంకో పదహారుంటే వంద వర్గం అయిపోయేది. భలే కోపం వచ్చింది."

"కోపమొస్తే?"

"ఇంకా దిగాను. ఇరవై ఎనిమిదోసారి దొరికింది."

ఇరవై ఎనిమిది. ఆమె నూట అరవై ఎనిమిది చేసింది. గిన్నె అంచు మీద ఈగ వాలినట్టు ఆ తేడా ఆమె మనసులో ఒకసారి వాలి లేచింది.

"దొరికితే ప్రధాన సంఖ్య కాదని ఎవరు చెప్పారు?"

"సారే చెప్పారు. ప్రధాన సంఖ్య రెండు వర్గాల మొత్తంగా వచ్చిందంటే ఒక్కరకంగానే వస్తుంది, రెండో రకంగా రాదు అని. వానపడి ఎవరూ గ్రౌండుకి వెళ్ళని రోజు. సిలబస్‌లో లేదు, రాసుకోవద్దు అన్నారు. ఎవరూ రాసుకోలేదు."

"నువ్వు?"

"నేను రాసుకున్నాను." దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పింది.

మంచం మీద మోకాళ్ళకు వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకున్న అత్తగారు తల ఎత్తింది. "ఏమిటమ్మాయ్ ఆ గొడవ? ఎవరికి ఎంత వచ్చింది?"

"పది లక్షల తొమ్మిది అనే సంఖ్య అత్తయ్యా. దాన్ని ఎవరైనా భాగించగలరా లేదా అని."

"పది లక్షలు సరే, పైన ఆ తొమ్మిదేమిటి? కొసరా?"

"ఆ తొమ్మిదే మూడు వర్గం బామ్మగారూ," అని పిల్ల మొదటిసారి నవ్వింది.

"ఎవరూ భాగించలేనిదైతే మా పెద్దాడపడుచులాంటిదన్నమాట. దాన్ని చీల్చాలని చూసినవాళ్ళంతా చీలిపోయారు గానీ అది చెక్కుచెదరలేదు." అత్తగారు మళ్ళీ తల వాల్చింది. "ఇంతకీ ఈ పిల్లకొచ్చిన నష్టమేమిటి?"

నష్టం పిల్లే చెప్పింది. "చేతిపనుల సెక్షన్లో వేస్తారు బామ్మగారూ. అక్కడ కుట్టుపని నేర్పుతారట. తొమ్మిదేళ్ళప్పటి నుంచీ చొక్కాలకి కాజాలు నేనే కుడుతున్నాను. అది నేర్చుకోడానికి స్కూలుకెళ్ళాలా?"

పిల్ల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. గలీబులకు కుట్టు ఎక్కడైనా ఊడితే చెప్పమంది, అమ్మ అలా చెప్పమందట. వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆయన వచ్చి చొక్కా విప్పి కుర్చీ వీపుకు తగిలించారు. చంకల దగ్గర చెమట ఎండి తెల్లటి చారలు కట్టింది.

"వానరోజు క్లాసులో రెండు వర్గాల సంగతేదో చెప్పారా?" అంది ఆమె.

"చెప్పే ఉంటాను. వానపడితే ఏవేవో చెబుతాను. ఎవరు వింటారు?"

"అది నిజమేనా?"

"నిజమే. ఎప్పుడో రుజువైంది." ఆయన కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకున్నారు. "కానీ ఇక్కడ దానితో పనేముంది? నువ్వు భాగించేశావు కదా."

ఎన్నో తరాల వాళ్ళు సరిచూసిన సిద్ధాంతం ఒకవైపు. పాలు కాగేలోపు ఈవిడ చేసిన భాగహారాలు ఒకవైపు. ఆయన తూచి మరీ ఇటు మొగ్గారు. ఇంకో ఆడదయితే పొంగిపోయేది. ఆమె నోట్‌బుక్కు ఎక్కడ పెట్టిందో గుర్తు తెచ్చుకుంది.

*

గురువారం పొద్దున్నే నోట్‌బుక్కు తీసింది. అందులో చూడకుండా కొత్త కాగితాల మీద మొదటి నుంచీ చేద్దామనుకుంది. చూస్తే కన్ను పాత అంకెల్నే మళ్ళీ చదువుతుంది. అది తన సంగతే కాదు, ఏ కన్నైనా అంతే.

రెండు, మూడు, ఐదు చూపుతోనే తేలిపోయాయి. ఏడు, పదకొండు, పదమూడు నోటితో. పదిహేడు నుంచి కాగితం. ఆయన వెళ్ళేలోపు తొంభై ఏడు దాకా వచ్చింది. గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, నూట ఒకటి పట్టుకుంది. అత్తగారికి నీళ్ళ సంచి చల్లారింది. మళ్ళీ కాచి పోసింది. నూట ముప్ఫై ఏడు. ఎవరో తలుపు కొట్టారు, వీధి చివర ఇల్లు ఇది కాదని చెప్పి పంపింది. నూట తొంభై ఒకటి. నడుము పట్టేసింది. లేచి నిలబడి కిటికీ గట్టు మీద కాగితం పెట్టి చేసింది. ఒక్కోటీ అయ్యాక నోట్‌బుక్కులో శేషం చూసేది. సరిపోయేది. సరిపోయినప్పుడల్లా ఊపిరి కాస్త తేలికయ్యేది, ఆ పిల్ల మొహం గుర్తొచ్చి మళ్ళీ బరువెక్కేది. తను గెలవాలో, ఓడాలో తేల్చుకోలేని ఆట మనిషిని తొందరగా అలసగొడుతుంది.

"ఎవరికమ్మాయ్ అంత పొడుగు ఉత్తరం?" అంది అత్తగారు.

"నాకే అత్తయ్యా."

"జవాబు కూడా నువ్వే రాసుకుంటావా?"

"అదే రాస్తున్నాను."

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అరవై రెండోది వచ్చింది. రెండు వందల తొంభై మూడు. వెయ్యిలో మూడుసార్లు. ఎనిమిది వందల డెబ్బై తొమ్మిది పోగా నూట ఇరవై ఒకటి. సున్నా దించింది. నాలుగుసార్లు. ముప్ఫై ఎనిమిది. ఇంకో సున్నా దించింది. ఒకసారి. ఎనభై ఏడు. తొమ్మిది దించింది.

ఎనిమిది వందల డెబ్బై తొమ్మిది.

పై వరసలో తీసేసిన అంకెలే కింది వరసలో వచ్చి కూర్చున్నాయి. మూడుసార్లు. ఏమీ మిగల్లేదు.

ఆమె ఇంకో కాగితం లాక్కుంది. తర్వాత మూడు వేల నాలుగు వందల పదమూడును రెండు వందల తొంభై మూడుతో గుణించింది. పది లక్షల తొమ్మిది. తిరగేసి గుణించింది. పది లక్షల తొమ్మిదే.

నోట్‌బుక్కులో ఆ పేజీ తీసింది. ఎంత ముద్దుగా ఉంది పేజీ! అంకెలన్నీ గీసిన గీతల్లో ఒద్దికగా కూర్చున్నాయి. ఎనభై ఏడు పక్కన తొమ్మిది ఉండాల్సిన చోట సున్నా ఉంది. అప్పటికి రెండు సున్నాలు దించిన చెయ్యి, అదే ఊపులో మూడోది దించేసింది. ఎనిమిది వందల డెబ్బై. రెండుసార్లు. శేషం రెండు వందల ఎనభై నాలుగు. ఆ శేషం చుట్టూ నిండుగా ఒక సున్నా చుట్టి ఉంది.

నూట అరవై ఏడు ఒప్పులు, ఒక్క తప్పు. అన్నంలో ఒక్క రాయి పడితే కుండెడు అన్నమూ ఒప్పేనని ఎవరూ అనరు, పన్ను విరిగినవాడు అసలే అనడు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి చెప్పాలనే అనుకుంది. చెప్పే మాటలు కూడా కూర్చుకుంది. ఆయన వస్తూనే చెప్పులతోనే మంచం మీద కూర్చున్నారు. ఎప్పుడూ చెయ్యని పని.

"ఆ పిల్ల హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ దిద్దించమని. ఆవిడ నేను రాసిన మాట చదివింది. ఇంక కాపీ కేసయింది. రేపు తల్లిని రమ్మన్నారు. కాపీ కొట్టానని పిల్ల రాసిస్తే చేతిపనుల్లో వేసి వదిలేస్తారట, లేకపోతే అసెంబ్లీలో పేరు చదువుతారట."

"మీకేమనిపిస్తోంది?"

"నాకా?" ఆయన వంగి చెప్పుల బకిల్‌తో కుస్తీ పట్టారు. "మొహం చూస్తే కాపీ కొట్టిన పిల్లలా లేదు. ఆ మాట రాయకుండా ఉండాల్సిందేమో. కానీ సంఖ్య సంఖ్యే కదా. నీ లెక్కే లేకపోతే నేనూ తడబడేవాణ్ణి. ఇంతమంది పిల్లల్లో, ఇన్ని పేపర్లలో, నాకు తెలిసి నీ లెక్క ఒక్కసారీ తప్పలేదు."

ఆమె నోరు తెరిచింది.

"టీ పెట్టనా?" అన్న మాట వచ్చింది.

వంటింట్లో నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి. ఆమె చూస్తూ నిలబడింది. పొగడ్త అనేది ఈ ఇంట్లో నేల మెరిసినందుకు రాలేదు, కూర కుదిరినందుకు రాలేదు. వచ్చిందల్లా ఈ ఒక్కదానికే. నూట అరవై ఏడు గదులు శుభ్రంగా ఉన్న ఇంట్లో అరవై రెండో గది తలుపు తనే తీసి చూపించాలి. చూపించకపోయినా ఎవరూ తియ్యరు. ఆ సంగతే ఎక్కువ భయపెట్టింది.

టీ ఇచ్చింది. చక్కెర వెయ్యలేదు. ఆయన గమనించకుండా తాగేశారు.

*

శుక్రవారం పదిగంటలకు స్కూలు నుంచి ఫోను. "ఆ నోట్‌బుక్కు పట్టుకురాగలవా? మేడమ్ చూస్తానంటున్నారు. తల్లికి చూపిస్తే ఒక్క మాటతో తేలిపోతుందట." గొంతు తగ్గించి, "ఎండగా ఉంది, నెమ్మదిగా రా" అన్నారు.

నడిస్తే ఇరవై నిమిషాలు. నోట్‌బుక్కు గుడ్డసంచిలో పెట్టుకుంది. దారిలో రెండుసార్లు ఆగింది. ఒకసారి చెప్పులో రాయి పడిందని, ఇంకోసారి ఏమీ పడకుండానే. ఆ ఒక్క పేజీ చింపేస్తే ఏమవుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. ఏమీ అవదు. నూట అరవై ఎనిమిది భాగహారాలు లెక్కపెట్టే ఓపిక ఈ ఊళ్ళో ఆమెకూ ఆ పిల్లకూ తప్ప ఇంకెవరికీ లేదు.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో పాత ఫైళ్ళ వాసన. ఫ్యాను తిరిగినప్పుడల్లా బల్ల మీద కాగితాలు లేచి, పేపర్‌వెయిట్ కింద కొట్టుకుంటున్నాయి. మాస్టారు కిటికీ దగ్గర నిలబడ్డారు. టైలరమ్మ కుర్చీ అంచు మీద కూర్చుంది. పని మధ్యలో లేచొచ్చినట్టుంది, మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతోంది. పిల్ల తల్లి కుర్చీ వెనక నిలబడి, ఆ టేపు చివర పట్టుకుని వేలికి చుడుతోంది, విప్పుతోంది.

హెడ్‌మిస్ట్రెస్ నోట్‌బుక్కు అందుకుని నాలుగు పేజీలు తిప్పింది. "అబ్బ, ఎంత ఓపికండీ సార్ మీకు! దస్తూరీ కూడా ముత్యాలే."

మాస్టారు కళ్ళజోడు తీశారు, తుడుచుకున్నారు. ఆమె వైపు చూడబోయి చూడలేదు.

"చూడమ్మా," హెడ్‌మిస్ట్రెస్ నోట్‌బుక్కును టైలరమ్మ వైపు తిప్పింది. "సారు నూట అరవై ఎనిమిదిసార్లు భాగించారు. నీ కూతురు మూడు లైన్లు రాసింది. ఏది నమ్మమంటావు?"

టైలరమ్మ పేజీ మీద అంకెల వైపు కాక అంచు వైపు చూసింది. "చక్కగా ఉందండి," అంది. కుట్టు చూసినట్టే చూసింది. తర్వాత కూతురితో, "సంతకం పెట్టెయ్యవే బుజ్జీ. ఎంతసేపు? మిషను మీద సగం గుడ్డ వదిలేసి వచ్చాను" అంది.

"ఏమని పెట్టాలి?"

"వాళ్ళు రాసిందాని కింద."

"నేను కాపీ కొట్టలేదమ్మా."

"తెలుసే. పెట్టెయ్. పెద్దవాళ్ళతో మనకెందుకు?"

పిల్ల టేపు వదిలి బల్ల దగ్గరికొచ్చింది. కలం తీసుకుంది. కాగితం మీద పెట్టలేదు. సంచిలోంచి మడతల కాగితం తీసి మాస్టారి ముందు పరిచింది.

"నా లెక్కలో ఎక్కడ తప్పుందో చూపించండి సార్. చూపిస్తే తప్పు రాశానని సంతకం పెడతాను. కాపీ అని మాత్రం పెట్టను."

హెడ్‌మిస్ట్రెస్ కనుబొమలు లేచాయి. మాస్టారు కాగితం మీదికి వంగారు. చొక్కా చెయ్యి బొమ్మ చుట్టూ ఆయన వేలు నెమ్మదిగా తిరిగింది. పెదాలు కదులుతున్నాయి. చివర దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడికే వచ్చింది.

"ఇందులో తప్పు కనబడటం లేదు," అన్నారు.

"మరి రెండూ ఒప్పెలా అవుతాయి సార్?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"అవవు మేడమ్."

"అంటే మీ నోట్‌బుక్కు తప్పా?"

ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఎన్నిసార్లు పిల్లల్ని "నువ్వు చూశావా, ఎవరో చెప్పారా?" అని నిలదీశారో. ఇప్పుడా ప్రశ్న ఆయన మీదికే వచ్చింది.

"నోట్‌బుక్కులో తప్పుండదు," అన్నారు చివరికి. చిన్నగా, మొండిగా. "అందులో తప్పు రాదు. నాకు తెలుసు. ఈ కాగితంలోనే నాకు కనబడనిదేదో ఉండి ఉంటుంది."

పిల్ల ఆయన వైపు చూసింది. వాదిస్తుందనుకున్నారు అందరూ. వాదించలేదు. సారుకే కనబడనిది తనకెలా కనబడుతుందన్నట్టు తన కాగితం వైపు తనే అనుమానంగా చూసుకుంది. చేతిలో కలం మూత తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కుంది.

"ఆ నోట్‌బుక్కు ఇలా ఇవ్వండి మేడమ్."

తలుపు పక్కన నిలబడ్డ మనిషి మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు. హెడ్‌మిస్ట్రెస్ ఇచ్చింది. ఆమె పేజీలు తిప్పింది. వెతకనక్కరలేదు, ఆ పేజీ నిన్నటి నుంచీ దానంతటదే తెరుచుకుంటోంది. బల్ల మీద పెట్టి, పిల్ల చేతిలో కలం తీసుకుని, మూత పెట్టి పక్కన పెట్టింది.

"ఇది సారు రాసింది కాదు మేడమ్. నేను రాశాను. కీలన్నీ నేనే రాస్తాను."

ఫ్యాను గాలికి కాగితాలు కొట్టుకున్నాయి. మాస్టారు "అది కాదు..." అని ఏదో అనబోయారు. ఆమె ఆయన వైపు తిరగలేదు. తిరిగితే మళ్ళీ టీ పెట్టనా అంటుందని భయం.

"ఇలా రామ్మా. ఇది చూడు. రెండు వందల తొంభై మూడుతో భాగించాను. ఇక్కడ ఎనభై ఏడు మిగిలిందా? పక్కన ఏది దించాలి?"

పిల్ల వంగింది. అంకె మీద వేలు పెట్టకుండా, కాస్త ఎత్తులో గాలిలోనే గీసింది.

"తొమ్మిది."

"నేనేం దించాను?"

"సున్నా." పిల్ల పెదాలు చకచకా కదిలాయి. "తొమ్మిది దించితే... ఎనిమిది వందల డెబ్బై తొమ్మిది. మూడుసార్లు పోతుంది ఆంటీ. మొత్తం పోతుంది! మూడు వేల నాలుగు వందల పదమూడు!"

మాస్టారు ఇంకో వైపు నుంచి వంగి చూస్తున్నారు. ఆయన కళ్ళజోడు చేతిలోనే ఉండిపోయింది. అది లేకుండా ఆయనకు అంకెలు కనబడవు. అయినా వంగే ఉన్నారు.

టైలరమ్మ లేచి నిలబడింది. అంకెలతో ఆమెకు పనిలేదు. ఒక్కొక్కరి మొహమూ చూసి, చివరికి ఈమె దగ్గర ఆగింది.

"అంటే మా పిల్ల చూసి రాయలేదా అమ్మా?"

"రాయలేదు. సొంతంగా రాసింది, ఒప్పు రాసింది." ఆ పేజీ మీదే చెయ్యి పెట్టి చెప్పింది. "నాకు నిన్న మధ్యాహ్నమే తెలిసింది. తెలిసీ చెప్పలేదు. రెండుసార్లు తప్పు చేశానమ్మా. తప్పు నాదే."